పాత కారు, కొత్త మీటరు

మోటారు కారు పెట్రోలుతో నడుస్తుందనే మాట సగమే నిజం. ట్యాంకు నిండా ఇంధనమున్నా దానిని మండించే నిప్పురవ్వ లేనిదే ఇంజను కదలదు. ఆ నిప్పురవ్వను పుట్టించేది విద్యుత్తు. రాత్రివేళ దారి చూపేది, వానలో అద్దం తుడిచేది, మలుపులో హారను మోగించేది, తెల్లవారుజామున చల్లబడి ఉన్న ఇంజనును మేల్కొలిపేది కూడా విద్యుత్తే. ఇన్ని పనులకు ఆధారమైన ఆ శక్తి ఎంత నిలువ ఉన్నదో, ఎంత ఖర్చవుతున్నదో, ఖర్చయినది తిరిగి చేరుతున్నదో లేదో చెప్పే సాధనం మాత్రం చాలా పాత కార్లలో కనిపించదు. వేగం చూపడానికి ఒక ముల్లు, పెట్రోలు మట్టం చూపడానికి ఒక ముల్లు ఉంటాయి. విద్యుత్తు విషయంలో తయారీదారులు ఒక చిన్న ఎర్రదీపంతో సరిపెట్టారు. ఆ లోటు తీర్చుకోవడానికి పాత కార్లను మక్కువతో కాపాడుకునేవారు అదనంగా ఒక అమ్మీటరునో, వోల్టుమీటరునో అమర్చుకుంటారు. చూడడానికిది రెండు తీగల పని. కాని ఆ రెండు తీగలను ఎక్కడ కలపాలో తెలియకపోతే కారు మొత్తం కాలిపోగలదు.

తొలినాటి కార్లకు ఈ చింత అంతగా లేదు. ముందు భాగాన ఇనుప హ్యాండిలు దూర్చి, చేతి బలంతో తిప్పి ఇంజనును లేపేవారు. దీపాలు నూనెతోనో, ఎసిటిలీన్ వాయువుతోనో వెలిగేవి. 1912లో అమెరికాలోని కాడిలాక్ సంస్థ, చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరును తన కార్లకు అమర్చడంతో పరిస్థితి మారింది. మన మెకానిక్కులు నేటికీ ‘సెల్ఫు’ అని పిలిచేది దీనినే. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులను ఆకర్షించే పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్‌ఘోస్ట్ ఆ సంధికాలానికి చెందినదే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఆర్డరు చేసిన కారు అది. సెల్ఫు వచ్చిన తరువాత బ్యాటరీ కారుకు అలంకారం కాదు, ప్రాణావసరమైంది. బ్యాటరీని నింపడానికి డైనమో, ఆ డైనమోను అదుపులో ఉంచడానికి కటౌటు, వీటన్నిటినీ కలుపుతూ బానెట్ కింద సాలెగూడు వంటి తీగల అల్లిక వరుసగా వచ్చి చేరాయి.

పాలమూరు ప్రాంతం మోటారు వాహనానికి పరీక్ష పెట్టే నేల. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016లో నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరిన కొల్లాపూర్ ఒకప్పుడు సురభి వంశీయుల జటప్రోలు సంస్థానానికి కేంద్రం. 1949లో హైదరాబాదు రాష్ట్రంలో జాగీర్లు రద్దయి ఇటువంటి సంస్థానాల పాలన ముగిసింది. పొరుగునున్న వనపర్తి సంస్థానాధీశుల భవనంలో 1959లో పాలిటెక్నిక్ కళాశాల వెలసింది. రాజులు నడయాడిన గదులలో పల్లెటూరి విద్యార్థులు యంత్రాల లోగుట్టు నేర్చుకోసాగారు. ఇంచుమించు ఆ కాలంలోనే, 1950ల చివర, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారం నుండి హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ కారు దేశం మీదికి వచ్చింది. ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి దీనికి మాతృక. 2014లో తయారీ ఆగిపోయేదాకా కలెక్టరు గారికీ, పెళ్లివారికీ, టాక్సీ డ్రైవరుకూ అది ఒకటే కారు. ఇప్పుడది పాత కార్ల అభిమానుల అపురూప వస్తువు.

కొల్లాపూర్‌కు ఒకవైపు సోమశిల వద్ద శ్రీశైలం జలాశయపు నీరు, మరొకవైపు నల్లమల అడవి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అంతటి వేడికి బ్యాటరీలోని నీరు త్వరగా ఇంకిపోతుంది, లోపలి పలకలు త్వరగా శిథిలమవుతాయి. మామిడికాయల కాలంలో సంతకు వెళ్లిన కారు, శ్రీశైల దర్శనానికి బయలుదేరిన కారు, దారిలో ఒకసారి ఇంజను ఆపితే మళ్లీ కదలకపోవడం ఎవరికైనా ఎదురుకాగల కష్టమే. మన్ననూరు దగ్గర అడవి దారిని రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల దాకా మూసివేస్తారు. చీకటిపడే వేళకు ఆ దారిలో బ్యాటరీ చల్లబడిందంటే ముందు దీపాలు ఎర్రబారతాయి, ఆ పైన హారను గొంతు పోతుంది, చివరకు ఇంజనే ఆగుతుంది. చుట్టుపక్కల ఇల్లు ఉండదు, మెకానిక్కు ఉండడు, ఫోనుకు సిగ్నలు ఉంటుందన్న నమ్మకమూ లేదు. బ్యాటరీ అలా నీరసించడం ఆ క్షణంలో జరిగినది కాదు. గంట ముందే, ఒక్కోసారి వారం ముందే మొదలై ఉంటుంది. డ్రైవరు కంటికది కనిపించలేదు, అంతే.

ఎర్రదీపం ఉన్నది గదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ దీపం చేసే పనిని కొంచెం పరిశీలించాలి. దాని ఒక కొన బ్యాటరీ వైపు, రెండవ కొన డైనమో వైపు కలిపి ఉంటాయి. తాళం తిప్పగానే బ్యాటరీలో వోల్టేజి ఉంటుంది, డైనమోలో ఉండదు. ఆ భేదం వల్ల దీపం వెలుగుతుంది. ఇంజను తిరిగి డైనమో వోల్టేజి బ్యాటరీ వోల్టేజితో సమానం కాగానే భేదం పోయి దీపం ఆరుతుంది. అంటే డైనమో ఏదో కొంత విద్యుత్తును పుట్టిస్తున్నదని మాత్రమే దీపం చెప్పగలదు. పుట్టించినది చాలుతున్నదా, ఖర్చు రాబడిని మించుతున్నదా, కటౌటు చెడి బ్యాటరీ అతిగా ఛార్జి అవుతున్నదా అన్న ప్రశ్నలకు దాని వద్ద జవాబు లేదు. ఆ దీపపు బల్బే మాడిపోతే ఇక పలుకే ఉండదు.

సమాధానం చెప్పగలిగేవి రెండు సాధనాలు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో గాల్వనామీటరును చూసిన విద్యార్థులకు వీటి స్వభావం సులభంగా బోధపడుతుంది. 100 ఓమ్‌ల నిరోధం కలిగి, 1 మిల్లీ ఆంపియరుకే ముల్లు పూర్తిగా వాలే గాల్వనామీటరు ఒకటి ఉన్నదనుకుందాం. దానికి 14,900 ఓమ్‌ల నిరోధాన్ని శ్రేణిలో కలిపితే 15 వోల్టుల దాకా కొలిచే వోల్టుమీటరవుతుంది. అదే గాల్వనామీటరుకు సుమారు 0.0033 ఓమ్‌ల అత్యల్ప నిరోధాన్ని, అనగా షంటును, సమాంతరంగా కలిపితే 30 ఆంపియర్ల దాకా కొలిచే అమ్మీటరవుతుంది. పుట్టుక ఒకటే గాని నడత పూర్తిగా వేరు. వోల్టుమీటరు తన గుండా దాదాపు ఏమీ పోనివ్వదు, పక్కన నిలబడి చూస్తుంది. అమ్మీటరు ప్రవాహం మధ్యలో నిలబడి సమస్తాన్నీ తన గుండా పోనిస్తుంది. అందుచేత వోల్టుమీటరును సమాంతర సంధానంలో, అమ్మీటరును శ్రేణి సంధానంలో కలపాలని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. పరీక్షలో ఈ వాక్యం తప్పు రాస్తే పోయేది రెండు మార్కులు. కారులో తప్పు చేస్తే జరిగేది వేరు. అమ్మీటరును బ్యాటరీ రెండు కొనల మధ్య కలిపితే 12 వోల్టులకు ఎదురుగా 0.0033 ఓమ్‌లు మాత్రమే నిలుస్తాయి. లెక్క ప్రకారం 3,600 ఆంపియర్లు రావాలి. బ్యాటరీ అంతర్నిరోధం, తీగల నిరోధం అడ్డుపడడం వల్ల అంత రాకపోయినా, వందల ఆంపియర్లు తప్పవు. తీగ మీది ప్లాస్టిక్ తొడుగు క్షణాలలో కరిగి మంట లేస్తుంది.

సక్రమంగా కలిపినప్పుడు కూడా అమ్మీటరు అంత సాధువేమీ కాదు. సెల్ఫు తిరిగే క్షణాలలో 150 నుండి 300 ఆంపియర్ల వరకు లాగుతుంది. ఆ తీగను అమ్మీటరు దరిదాపులకు రానీయకూడదు. అది బ్యాటరీ నుండి నేరుగా సెల్ఫుకే పోవాలి. మిగిలిన ప్రవాహమంతా, అనగా దీపాల ఖర్చు, డైనమో రాబడి, ఇంజను గది నుండి బయలుదేరి, ఇనుపరేకు గోడను దాటి, డ్రైవరు ఎదుటనున్న మీటరు దాకా వచ్చి, మళ్లీ వెనుకకు పోవాలి. రాకపోకలు కలిపి 5 మీటర్ల తీగ పడుతుందనుకుందాం. ఒక చదరపు మిల్లీమీటరు మందం గల రాగి తీగకు అంత పొడవున నిరోధం సుమారు 0.086 ఓమ్‌లు. అందులో 30 ఆంపియర్లు పారితే 2.6 వోల్టులు దారిలోనే నష్టమై, దాదాపు 77 వాట్ల వేడి పుడుతుంది. పాతకాలపు ఇంటి బల్బు వేడి ఎంతో తెలిసినవారికి, అంతకంటె ఎక్కువ వేడి సన్నని తీగ పొడవునా పరచుకుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అదే 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం 0.43 వోల్టులకు, వేడి 13 వాట్లకు తగ్గుతుంది. పైగా ఈ తీగలో చాలా పాత కార్లలో ఫ్యూజు ఉండదు. రేకు అంచుకు తొడుగు రాపిడి పొంది రాగి బయటపడితే బ్యాటరీ శక్తి మొత్తం ఆ ఒక్క బిందువు గుండా బయటికి దూకుతుంది.

వోల్టుమీటరుకు ఈ ప్రమాదం లేదు. దాని గుండా పారేది మిల్లీ ఆంపియర్లలోనే గనుక సన్నని తీగ చాలు, మొదట్లోనే 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టవచ్చు. తీగ ఎక్కడైనా రేకుకు తగిలితే ఫ్యూజు మాడుతుంది, కారు మిగులుతుంది. కాలక్రమంలో తయారీదారులు కూడా అమ్మీటరును వదలి వోల్టుమీటరు వైపే మొగ్గారు. డైనమోల స్థానంలో వచ్చిన ఆల్టర్నేటర్లు అంతకు రెట్టింపు, మూడింతల విద్యుత్తును పుట్టిస్తాయి. అంతటి ప్రవాహాన్ని డ్రైవరు మోకాళ్ల దగ్గరకు తీసుకురావడం వివేకం అనిపించుకోదు. ఛార్జింగు ఎటు ప్రవహిస్తున్నదో కళ్లకు కట్టినట్లు చూపడంలో అమ్మీటరుకు సాటి లేదన్నది నిజమే. అయినా కొత్తగా పని నేర్చుకునేవారికి, అడవి దారుల్లో తిరిగే కారుకు, వోల్టుమీటరే తగినది.

పని ప్రారంభించడానికి ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటున్నది. కారు ఇనుప శరీరమే తిరుగు తీగగా పనిచేస్తుంది, దానినే మెకానిక్కులు ఎర్త్ అంటారు. నేటి కార్లన్నిటా బ్యాటరీ ఋణధ్రువం శరీరానికి కలిసి ఉంటుంది. కాని 1950, 1960 దశకాల నాటి బ్రిటిష్ నమూనాలలో ధనధ్రువాన్ని శరీరానికి కలపడం పరిపాటి. పాత కారులో మధ్యకాలంలో ఎవరైనా దానిని మార్చి కూడా ఉండవచ్చు. అందువల్ల పుస్తకాన్ని నమ్మడం కంటె బానెట్ ఎత్తి, బ్యాటరీ మీది గుర్తులను కళ్లారా చూడడం మేలు. ధనధ్రువం ఎర్త్ అయిన కారులో వోల్టుమీటరు ధన కొనను శరీరానికి, ఋణ కొనను ఫ్యూజు వైపుకు కలపాలి. లేనిచో ముల్లు సున్నా కంటె కిందికి పోయి అడ్డుపుల్లకు కొట్టుకుంటుంది.

ఆ పిమ్మట బ్యాటరీ తీగలలో ఎర్త్ తీగను ముందుగా విప్పాలి. దీనికి కారణమున్నది. రెండవ తీగను ముందు విప్పబోయినప్పుడు చేతిలోని పానా పొరపాటున మడ్‌గార్డుకు తగిలితే బ్యాటరీ షార్టవుతుంది. ఎర్త్ తీగ విప్పిన తరువాత పానా ఎక్కడ తగిలినా వలయం పూర్తి కాదు. తిరిగి బిగించేటప్పుడు ఎర్త్ తీగది చివరి వంతు.

మీటరును ఎక్కడ బిగించాలన్నది అభిరుచికి సంబంధించిన ప్రశ్నగా కనిపించినా అంతకంటె పెద్దదే. ఈ మీటర్లకు సాధారణంగా 52 మిల్లీమీటర్ల వ్యాసం గల రంధ్రం కావాలి. యాభై ఏళ్లనాటి డ్యాష్‌బోర్డుకు ఒకసారి రంధ్రం చేస్తే అది ఎన్నటికీ పూడదు. మన దేశంలో 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషను నుండి 50 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉన్న వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. ఛాసిస్, పైశరీరం, ఇంజను గణనీయంగా మార్చి ఉండరాదన్నది అందులోని షరతు. అదనపు మీటరు ఆ షరతును భంగపరచదు గాని, పాతదనపు విలువ తెలిసినవారు డ్యాష్‌బోర్డు దిగువ అంచున ఒక చిన్న ఇనుప పట్టీ బిగించి దానిలో మీటరు నిలుపుతారు. రేపు తీసివేయదలచితే రెండు మరలు విప్పితే సరి, కారు యథాతథం.

తీగ ఎక్కడి నుండి తీసుకోవాలో పాత కార్లలో రంగులే చెబుతాయి. బ్రిటిష్ లూకాస్ పద్ధతిలో గోధుమరంగు తీగ బ్యాటరీ నుండి సరాసరి వచ్చేది, తెల్లది తాళం తిప్పితేనే శక్తి పొందేది, ఆకుపచ్చది తాళమూ ఫ్యూజూ రెండూ దాటి వచ్చేది, నల్లది ఎర్త్. వోల్టుమీటరుకు కావలసింది ఆకుపచ్చ తీగ చేరే ఫ్యూజు కొన. తాళం తీయగానే మీటరు విశ్రమిస్తుంది గనుక రాత్రంతా నిలిపి ఉంచినా బ్యాటరీ మీద భారం పడదు. అయితే దశాబ్దాల ఎండకు అన్ని రంగులూ మట్టిరంగులో కలిసిపోయి ఉండవచ్చు, ముందటి యజమాని చేతికి దొరికిన తీగను అతికించి ఉండవచ్చు. అటువంటప్పుడు రంగును నమ్మరాదు. ఆ ఒక్క పరీక్ష కోసం బ్యాటరీని తాత్కాలికంగా కలిపి, టెస్ట్ ల్యాంపుతో చూడాలి. తాళం తిప్పినప్పుడు వెలిగి, తీసినప్పుడు ఆరే కొనే మనకు కావలసినది.

ఆ కొన నుండి ఫ్యూజు, ఫ్యూజు నుండి మీటరు ఒక కొన, మీటరు రెండవ కొన నుండి ఎర్త్. రాత్రివేళ ముల్లు కనబడడానికి లోపల ఒక చిన్న బల్బు ఉంటుంది. దాని తీగను మిగిలిన మీటర్ల దీపాలకు పోయే తీగతో కలిపితే వాటితోపాటే వెలుగుతుంది. తీగ రేకు గోడను దాటవలసి వస్తే రంధ్రానికి రబ్బరు బుష్ తప్పనిసరి. అతుకుల దగ్గర చాలామంది రెండు తీగలను మెలిపెట్టి పైన టేపు చుట్టి వదిలేస్తారు. పాలమూరు ఎండకు ఆ టేపు జిగురు కరిగి జారుతుంది, గుంతల రోడ్డు కుదుపుకు మెలిక వదులవుతుంది. లగ్గు వేసి నొక్కడమో, టంకం పెట్టి స్లీవు తొడగడమో చేసిన అతుకు ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఎర్త్ బిగించే చోట రంగు, తుప్పు గీకివేసి ఇనుము మెరిసేదాకా రుద్దాలి. పాత కార్ల విద్యుత్ రోగాలలో అధికభాగం ఎర్త్ దగ్గరే పుడతాయని అనుభవజ్ఞులైన ఆటో ఎలక్ట్రీషియన్లు చెబుతారు.

ఇక ముల్లు చూపేదానిని చదవడం నేర్వాలి. కారు బ్యాటరీలో ఆరు ఘటాలుంటాయి. ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు. పూర్తిగా నిండిన బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 అంటే సగం ఖాళీ. 12 కంటె తగ్గితే మరునాటి ఉదయం సెల్ఫు తిరగడం అనుమానమే. సెల్ఫు తిప్పినప్పుడు ముల్లు ఒక్కసారిగా పడడం సహజం. 10 వోల్టులకు దిగువగా కుంగిపోతే బ్యాటరీ వయసు మీరినదని అర్థం. ఇంజను లేచి కొంచెం వేగం అందుకున్నాక 13.8 నుండి 14.4 మధ్య నిలవాలి. అక్కడికి చేరక 12 వద్దనే తచ్చాడుతూ నెమ్మదిగా దిగుతుంటే బెల్టు వదులైనదో, డైనమో బ్రష్షులు అరిగినవో, కటౌటు మొరాయించినదో చూసుకోవాలి. 15 దాటిపోతే అంతకంటె ప్రమాదం. బ్యాటరీ లోపలి ద్రవం ఉడికి, మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది.

డైనమో ఉన్న కారులో ఒక విశేషం గమనించవచ్చు. బజారులో జనం మధ్య నిదానంగా పోతున్నప్పుడు దీపాలు వేస్తే ముల్లు 12కు జారుతుంది. ఊరు దాటి వేగం పుంజుకోగానే మళ్లీ పైకి లేస్తుంది. తక్కువ వేగంలో డైనమో చాలినంత విద్యుత్తును ఇవ్వలేకపోవడమే దీనికి కారణం, అది లోపం కాదు. కాని వేగంలో కూడా ముల్లు లేవకపోతే ఖర్చులు లెక్క వేయాలి. 22 ఆంపియర్లు ఇచ్చే డైనమో గల కారులో 45 వాట్ల ముందు దీపాలు రెండూ కలిసి 7.5 ఆంపియర్లు తింటాయి. వెనుక దీపాలు 2, నిప్పురవ్వ పుట్టించే కాయిల్ 3.5, వైపర్లు 3 అనుకుంటే మొత్తం 16. ఇంకా 6 ఆంపియర్లు బ్యాటరీకి మిగులుతాయి. వెలుగు చాలదని 100 వాట్ల బల్బులు బిగిస్తే దీపాలకే 16.7 కావాలి. మొత్తం 25 దాటుతుంది. ప్రతి గంటకూ బ్యాటరీ అప్పు పెరుగుతుంది. ఎర్రదీపం మాత్రం ఆరే ఉంటుంది. ఈ సంగతి బయటపెట్టగలిగేది ముల్లొక్కటే.

బిగింపు పూర్తయిన తరువాత ఇంజను నడుస్తుండగా మల్టీమీటరుతో నేరుగా బ్యాటరీ కొనల వద్ద వోల్టేజి కొలిచి, కొత్త మీటరు చూపే అంకెతో పోల్చాలి. కొత్త మీటరు పావు వోల్టో, అర వోల్టో తక్కువ చూపడం తరచుగా జరుగుతుంది. దానిని మీటరు దోషమని తోసివేయడం తొందరపాటు. ఫ్యూజు పెట్టెలోని పచ్చబారిన రాగి కొనల వద్ద, తాళపు స్విచ్చిలో అరిగిన పలకల వద్ద, ఇంజనును శరీరానికి కలిపే అల్లిక పట్టీ తుప్పు కింద ఆ అర వోల్టు దాగి ఉంటుంది. మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ వద్దనే నిలిపి, రెండవ కొనను ఒక్కొక్క అతుకు దగ్గర తాకిస్తూ పోతే అంకె ఎక్కడ పడిపోయినదో తెలుస్తుంది. అక్కడ గరుకు కాగితంతో రుద్ది, మర బిగించి, మళ్లీ డ్రైవరు స్థానంలో కూర్చొని ముల్లు ఎంత పైకి జరిగినదో చూడాలి.